రంగుదారం పొట్లాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అబ్దుల్ ఊరంతా చెబుతారు. ఉంటే ఉంది. ఏలూరులో టైలరు కొట్టు పెట్టుకుని, ఇంతమంది ఆడవాళ్ళ గుట్టు కడుపులో దాచుకునే మనిషికి ఆమాత్రం కోపం ఉండొద్దూ?

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో పెళ్ళి. పెళ్ళివారి వీధిలో ఆడవాళ్ళందరి జాకెట్లూ నేనే కుట్టాను. పొట్లాల మీద పేర్లు రాయను. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం కడతాను. ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు కుట్లు విప్పించి వదులు చేయించుకున్నారో పక్కింటావిడకి తెలియకూడదు కదా. ఎవరిదే రంగో, ఎవరి కొలతలేవో, తొడుక్కుని చూసి పంపిన ఫొటోలతో సహా అన్నీ నా ఫోన్‌లోనే ఉంటాయి. అవి ఎవరికైనా చూపించానని తెలిసిందా, ఇక నా కొట్టు గుమ్మం ఎవరూ తొక్కరు.

ఆ పొట్లాల సంచితో మేమిద్దరం బయల్దేరాం. దెందులూరు దాటాక పోలీసులు మా బండి ఆపారు. గంజాయి తనిఖీలట. నరసరాజు అనే కానిస్టేబుల్ బండి కాగితాలు చూసి, సంచి తెరవమన్నాడు. తెరిచాను. రెండు పొట్లాలు విప్పాడు, జాకెట్లే ఉన్నాయి. ఊదారంగు దారం కట్టిన మూడోదాన్ని చేతిలో పట్టుకుని అడిగాడు.

"పేర్లు లేవేంటమ్మా? ఎవరికివి?"

"చెప్పనండి."

"అయితే ఫోన్ లాక్ తీయండి. మెసేజీలు చూడాలి."

"అదీ తీయనండి."

మా ఆయన నా మోచెయ్యి గిల్లారు. "ఇచ్చేయ్ హమీదా, చూసి పంపేస్తారు. పెళ్ళికి ఆలస్యమైపోతోంది."

"మీరూరుకోండి" అన్నాను. ఫోన్‌ని పిడికిట్లో ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "ఇందులో ఉన్నవి ఆడవాళ్ళ కొలతలండీ. కావాలంటే సంచంతా మళ్ళీ తిరగేసుకోండి. ఫోన్ మాత్రం ఇవ్వను."

"సరే, స్టేషన్‌కి పదండి" అన్నాడు. స్టేషన్‌కి వెళితే పెళ్ళికూతురి జాకెట్టు కూడా అక్కడే ఉండిపోతుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో జీపులోంచి ఎస్సై భాగ్యశ్రీగారు దిగి, సంగతంతా విన్నారు.

"సంచి చూశారు, ఏమీ దొరకలేదు. ఇంకా ఫోనెందుకు? దానికి కారణం చూపించి, కాగితం మీద పెట్టి, పద్ధతిగా వెళ్ళాలి. దారిన పోయేవాళ్ళని ఆపి లాక్ తీయమనే హక్కు మనకి లేదు."

"అడిగితే అందరూ ఇచ్చేస్తున్నారండి" అని నసిగాడు నరసరాజు.

"ఇస్తున్నారు కదా అని అడక్కూడదు" అన్నారావిడ.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడకి జీవితాంతం ఉచితంగా కుట్టి పెట్టాలనిపించింది.

నరసరాజు కాస్త మెత్తబడ్డాడు. "ఏవండీ, హమీదాగారంటే మీరేనా? మా ఇంటావిడ శేషారత్నం తాడేపల్లిగూడెం నుంచి మీ దగ్గరికే వస్తుందండి. ఆవిడ జాకెట్టు ఇందులో ఉందా?"

ఇంకా ఆయన చేతిలోనే ఉన్న ఊదాదారం పొట్లం వైపు చూడకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

"కాగితం తెచ్చుకోండి, చెబుతాను" అన్నాను.

ఎస్సైగారు పకపకా నవ్వారు. నరసరాజు కూడా నవ్వేసి, ఆ పొట్లాన్ని నలగకుండా సంచిలో సర్ది పెట్టాడు.

గూడెంలో శేషారత్నం గుమ్మంలోనే ఎదురొచ్చి ఊదాదారం పొట్లం కొంగుచాటున దాచుకుంది.

"వదులు చేయించానని మా ఆయనకి తెలియలేదు కదా? తెలిస్తే ఏడాదంతా ఏడిపిస్తారు."

"తెలియలేదండీ" అన్నాను. "ఆయనే దగ్గరుండి భద్రంగా పంపించారు."