నీళ్ళు తాగిన రోజు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. అత్త, మరిది, ఆమె. మొగుడు లారీ తోలుకుంటూ ఎక్కడో దూరాన ఉన్నాడు. ఆమె వంటింట్లో సీసాలోకి నీళ్ళు పడుతోంది. అది చూసి, బూట్లు తొడుక్కుంటున్న మరిది చేతులు ఆగిపోయాయి.

కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించే లైనుకు అతనే సూపర్‌వైజరు. ఆ లైనులో మొదటి చోటు ఆమెది. కదిలొచ్చే ప్రతి తలుపు అంచుకూ నల్లటి రబ్బరు పట్టీని బొటనవేళ్ళతో నొక్కి కూర్చోబెట్టాలి. నొక్కి నొక్కి ఆ వేళ్ళు చదునైపోయాయి. అందరూ ఆమెను రబ్బరక్క అనేవారు.

ఇదివరకు ఎవరైనా బాత్రూముకు వెళితే వాళ్ళ చోట నిలబడడానికి ఒక మారు మనిషి ఉండేది. కంపెనీ ఆ మనిషిని తీసేసింది. అప్పటినుంచి ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండానే పనికి వస్తున్నారు. నాలుక పిడచకట్టినా, పొత్తికడుపు మండినా పళ్ళబిగువున నిలబడుతున్నారు. యూనియన్ ఎన్నిసార్లు అడిగినా ఆఫీసువాళ్ళు చెవిన పెట్టలేదు. అందుకే ఇవాళ ఆడవాళ్ళంతా నీళ్ళ సీసాలతో రావాలని యూనియన్‌లో అనుకున్నారు.

"వదినా, ఆ సీసా ఇంట్లో పెట్టు."

"దాహమేస్తుంది కదయ్యా."

"ఇన్నాళ్ళూ వెయ్యలేదా?"

"వేసింది. నువ్వే అడగలేదు."

మరిది లేచి నిలబడ్డాడు. "నువ్వు కదలకపోతే వెనక ఎవరూ కదలరు. కదిలావో, నా ఉద్యోగం పోతుంది. ఇక ఈ గడప తొక్కకు."

గోడకు ఆనుకుని కూర్చున్న అత్త తలెత్తలేదు. ఆమె సీసా మూత బిగించి, చంకలో పెట్టుకుని బయలుదేరింది.

లైను కదలగానే ఆమె అందరికీ కనబడేలా సీసా ఎత్తి గటగటా తాగింది. వెనక వరసగా మూతలు విప్పిన చప్పుడు.

"రబ్బరక్కా, చెరువంతా తాగేశానే," అంది అద్దాలు బిగించే పిల్ల.

"తాగు. ఆపుకోవడం మటుకు ఇవాళ్టితో సరి."

కాసేపటికి ఆమె మరిదిని కేకేసింది. "నా చోటికి మనిషిని పంపు."

"మనిషి లేదు."

"అయితే లైనే ఆగుతుంది."

చేతిలో పట్టీ వదిలేసి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. షెడ్డు గుమ్మం దాటబోతుంటే వెనక చెప్పుల చప్పుడు వినబడింది. ఒక జతది కాదు, బోలెడు. రబ్బరు లేని తలుపులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పేరుకుపోయాయి. చివరికి మరిది తన చేత్తోనే లైను ఆపాడు.

సాయంత్రానికి మారు మనిషిని మళ్ళీ పెడతామని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. మరిదిని మాత్రం పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశారు.

ఆమె ఇల్లు చేరేసరికి తలుపు ఓరగా ఉంది.

"అమ్మా, తలుపెయ్యి," లోపలినుంచి మరిది గొంతు.

"వేసెయ్యి అత్తా. యూనియన్ ఆఫీసులో చాపలున్నాయి. రేపు కూడా తాగుతానని చెప్పు," అంది ఆమె, అతనికి వినబడేలా.

అత్త గుమ్మంలోకి వచ్చింది. వంగి ఒక చెంబు గడప బయట పెట్టింది. తలుపు మూసింది. గడియ పడింది.

మెట్టు మీద చెంబు నిండా నీళ్ళు, ఇంకా ఊగుతూనే ఉన్నాయి.