కనుబొమలతో పెంచిన శ్రుతి

ఆ కమ్యూనిటీ కాలేజీలో సంగీతం చెప్పే మాస్టారికి రెండు గర్వాలు. ఒకటి, తన చెవి. రెండోది, ఆ చెవి గురించి తానెన్నడూ గొప్పలు చెప్పుకోలేదన్న నమ్మకం. మొదటిది పాడైన సంగతి అందరికంటే ఆఖరున ఆయనకే తెలిసింది. రెండోది ఒట్టిమాటని ఆయనకి తప్ప అందరికీ మొదట్నుంచీ తెలుసు.

విద్యార్థులు చాటుగా ఆయన్ని ‘తగ్గింది మాస్టారు’ అనేవారు. ఎవరు నోరు తెరిచినా ఆయన తల వంచి, కళ్ళు మూసుకుని, చేదు మందు మింగినట్టు మొహం పెట్టి "తగ్గింది" అనేవారు. శ్రుతి కిందికి జారింది, పైకెత్తమని అర్థం. పాడేవాళ్ళేమీ కచేరీలు చేసే విద్వాంసులు కారు. ఒక సిటీ బస్సు డ్రైవరు, ఒక ఆస్పత్రి నర్సు, బేకరీలో పనిచేసే ఒకావిడ, రిటైరైన లెక్కల టీచరు, ఇలాంటివాళ్ళు పద్దెనిమిది మంది. పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని, మంగళవారం, గురువారం సాయంత్రాలు రెండో అంతస్తులో కుట్టుమిషన్ల క్లాసు పక్క గదికి నాలుగు పాటలు పాడుకుందామని వచ్చేవారు. వాళ్ళని మాస్టారు రాచి రంపాన పెట్టేవారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మరి.

స్టాఫ్ రూములో ఆయన బల్లకి అవతల, ఇనప బీరువా అడ్డం పెట్టుకుని, నాటకం నేర్పే మేడం కూర్చునేవారు. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఉప్పూ నిప్పూ. మాస్టారిది కొయ్య మొహమనీ, పెళ్ళికీ చావుకీ ఒకే మొహం పెట్టుకుని వెళ్తారనీ మేడం అనేవారు. ఆవిడకి పాటకీ కుక్కరు కూతకీ తేడా తెలీదని మాస్టారు అనేవారు. అయినా ఒకరు సెలవు పెట్టిన రోజున రెండోవాళ్ళకి టీ కూడా రుచించేది కాదు.

ఆ ఏడు ప్రిన్సిపాల్ ఇద్దరికీ కలిపి ఒకే ప్రదర్శన పెట్టారు. మేడం క్లాసు నాటకం ఆడాలి, దాని చివర మాస్టారి క్లాసు పాట పాడాలి. స్టేజీ నిండా నాటకం తాలూకు అట్టగోడలు, మెట్లు ఉంటాయి కాబట్టి పియానో కిందనే ఒక మూల ఉంటుంది. మొదటి చరణం ఉత్త గొంతులతో పాడాలి. రెండో చరణంలో పియానో వచ్చి కలవాలి. మొదట్లో శ్రుతి వెంట్రుకవాసి తేడా వచ్చినా, పియానో కలిసే చోట మొత్తం పాట నలుగురిలో అభాసుపాలవుతుంది. శ్రుతి ఇచ్చేది మాస్టారే. "పరికరం ఎందుకు? నేనున్నాగా," అన్నారాయన, నిరాడంబరంగా.

అసలు సంగతేమిటంటే, ఆరు నెలలుగా మాస్టారి ఎడమ చెవిలో తుమ్మెద దూరినట్టు ఒకటే హోరు. ఫోను కుడి చెవికి మార్చుకున్నారు. మీటింగుల్లో గోడకి ఎడమ భుజం ఆనించి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. "ఏమండీ, ఒకసారి చెవులు చూపించుకోండి" అని భార్య పోరితే, "నా చెవులకేం, నువ్వు గొణగడం మానెయ్" అనేవారు. వినికిడి కాస్త తగ్గితే తగ్గుతుంది గానీ శ్రుతి జ్ఞానం ఎక్కడికి పోతుంది, అని తనకి తాను ధైర్యం చెప్పుకున్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తన గుట్టు ఎవరికీ తెలీదనుకున్నారు.

అంతలో క్లాసులో పియానో ఆయనకి తగ్గినట్టు వినపడింది. బాగుచేసేవాణ్ణి పిలిపించారు. అతను గంటసేపు చూసి, "పియానో శుభ్రంగా ఉంది సార్" అన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి మాస్టారు అతన్ని గుమ్మంలోంచే పంపించేసి, పియానో మీద గుడ్డ కప్పి, ప్రదర్శన దాకా దాన్ని ముట్టుకోవద్దని హుకుం జారీ చేశారు. ఆడలేక మద్దెల ఓడన్నారనే సామెత ఆ క్లాసులో పద్దెనిమిది మందికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు.

చిత్రంగా, అప్పట్నుంచి క్లాసు బ్రహ్మాండంగా సాగింది. మాస్టారు "తగ్గింది" అనగానే అందరూ ఒక్కసారిగా సవరించుకునేవారు. "ఆఁ, ఇదీ! ఇది అమృతం!" అనేవారాయన. పంతొమ్మిదేళ్ళ శ్రమ ఇన్నాళ్ళకి ఫలించిందని భార్యకి చెప్పుకుని మురిసిపోయారు.

ప్రదర్శన ఇంకో రెండు వారాలుందనగా, తన వాళ్ళు ఎక్కడ నిలబడాలో చూద్దామని మాస్టారు నాటకం హాల్లోకి వెనక తలుపులోంచి వెళ్ళారు. లైట్లు స్టేజీ మీదే ఉన్నాయి. ఆయన చీకట్లో చివరి వరుసలో కూర్చున్నారు. మేడం క్లాసులో ప్రతి ఏడూ ఒక అభ్యాసం ఉంటుంది. ఒక్కొక్కరు తమకి తెలిసిన మనిషిని వారంపాటు గమనించి, ఆ మనిషిలా మూడు నిమిషాలు నటించాలి. పేరు చెప్పకూడదు. మిగతావాళ్ళు పోల్చుకోవాలి.

బేకరీ ఆవిడ స్టేజీ ఎక్కింది. ఆవిడా, మరో ఆరుగురూ రెండు క్లాసులకీ వచ్చేవాళ్ళే. కుడి భుజం ముందుకు పెట్టి, పీతలా పక్కకి నడుచుకుంటూ వచ్చింది. ఎవరో ఎడమపక్కనుంచి పలకరిస్తే ఎటునుంచో తెలీక గిర్రున చుట్టూ తిరిగి, కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టి, అన్నీ విన్నదానిలా గంభీరంగా తల ఊపింది. మాస్టారికి నవ్వు ఆగలేదు. లైబ్రరీలో ఒక పెద్దాయన ఉన్నాడు, అచ్చం ఇంతే! కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వి, "అదరగొట్టావమ్మా, ముసలాణ్ణి దింపేశావు!" అని చీకట్లోంచి అరిచారు.

స్టేజీ మీద బేకరీ ఆవిడ వెలుతుర్లో ఉండటం వల్ల ఎవరు అరిచారో చూడలేదు. మెచ్చుకున్నారన్న హుషారులో ఇంకో అడుగు ముందుకేసింది. తల వంచి, కళ్ళు మూసుకుని, "తగ్గింది!" అంది. ఎదురుగా నిలబడ్డ ఇద్దరు గొంతు రవ్వంత మార్చకుండా, కనుబొమలు మాత్రం నెత్తి దాకా ఎత్తి, గడ్డం పైకి పెట్టి, అదే శ్రుతిలో పాడారు. "ఆఁ, ఇదీ! ఇది అమృతం!" అందావిడ.

హాల్లో ఎవరూ నవ్వలేదు. వాళ్ళంతా అప్పటికే వెనక్కి తిరిగి చూస్తున్నారు. మాస్టారి నోరు నవ్వినది నవ్వినట్టే ఉండిపోయింది. దాన్ని ఎలా మూసుకోవాలో ఆయనకి కాసేపు తెలియలేదు.

స్టాఫ్ రూములో బీరువాకి ఇవతలికి వచ్చి నిలబడ్డారు మేడం.

"నా క్లాసులో నాకే నాటకమా?" అన్నారు మాస్టారు. "ఎన్నాళ్ళనుంచి?"

"ఎనిమిది వారాలు."

"నేర్పిందెవరు?"

"నేనే. మరి మొదట్లో మీరు పెంచమన్న ప్రతిసారీ వాళ్ళు నిజంగా పెంచారు మాస్టారూ. పెంచీ పెంచీ డ్రైవర్ గారికి గొంతు పోయింది. రెండు రోజులు బస్టాపుల పేర్లు చేతులతో చెప్పారు. నర్సమ్మ నా దగ్గరకొచ్చి ఏడ్చింది. పాట సరిగ్గానే ఉంది మేడం, మాస్టారికే అలా వినపడుతోంది, ఆయనకి ఎలా చెప్పాలో తెలీట్లేదు అంది. నాకు మాత్రం తెలుసా? నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. కనుబొమలు ఎత్తండి, ఆయన నమ్ముతారు అన్నాను."

"నమ్మాను," అన్నారు మాస్టారు.

"మీ మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. తప్పు నాదే."

మాస్టారికి ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత వచ్చింది భయం, దాని ముందు మొదటి రెండూ ఎందుకూ కొరగావు. సంగీతం తప్ప ఆయనకి ఇంకో పని రాదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా బావమరిది రావాల్సిందే. చెవి పోతే ఇక తానెవరు? ప్రదర్శన మానేస్తానని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు భార్య ఏమీ అడక్కుండా చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గాజు గదిలో కూర్చోబెట్టి, చేతికో మీట ఇచ్చి, శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కమన్నారు. మాస్టారు పద్ధతిగా కూర్చుని ఎదురుచూశారు. చాలాసేపు ఏమీ రాలేదు. మిషను పాడైందేమో చూడమని చెబుదామని తల తిప్పితే, గాజు అవతల భార్య రెండు చేతులతో మొహం కప్పుకుని కనపడింది. ఎడమ చెవి దాదాపు పోయిందనీ, కుడి చెవి పై స్వరాలని కాస్త కిందికి దించి వినిపిస్తోందనీ డాక్టరు చెప్పాడు. చెవిలో మిషను పెట్టుకుంటే మాటలు బాగా వినపడతాయి, స్వరాల సంగతి మాత్రం చెప్పలేనన్నాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు గొణగలేదన్నమాట," అన్నారు మాస్టారు దారిలో.

"గొణిగాను కూడా లెండి," అంది భార్య. "మీకు వినపడదని తెలిశాక నాలుగు తిట్లు కూడా తిట్టాను."

గురువారం సాయంత్రం మాస్టారు క్లాసుకి వెళ్ళారు. పద్దెనిమిది మందీ తేలు కుట్టిన దొంగల్లా గోడవారన నిలబడి ఉన్నారు. బేకరీ ఆవిడైతే నేల మీంచి కళ్ళెత్తలేదు.

"నిన్న నేనో సంగీత పరీక్ష రాశాను," అన్నారు మాస్టారు. "జీవితంలో మొదటిసారి తప్పాను. అదీ పాటల్లో కాదు, కూ అని ఒక్క కూత వినడంలో. పంతొమ్మిదేళ్ళుగా మీ చెవుల్ని తిట్టిన నోరు ఇదే. గురివింద గింజ నాకంటే నయం, దానికి నోరు లేదు. ఆ పియానో అబ్బాయిని మూడుసార్లు అవమానించాను, ఫోన్ చేసి క్షమించమన్నాను. ఏమన్నాడో సరిగ్గా వినపడలేదు, క్షమించాడనే అనుకుంటున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, అద్దాలు లేకపోతే నాకు సిగ్నల్ లైటు కనపడదు. అలాగని బండి తోలడం మానేశానా? అద్దాలు పెట్టుకుంటున్నా."

"నా అద్దాలు ఎవరు?"

డ్రైవరు నర్సుని ముందుకి తోశాడు. "వెళ్ళు చెల్లెమ్మా."

రెండు నెలలుగా ప్రతి పాటకీ అసలు శ్రుతి మెల్లిగా ఇస్తున్నది నర్సేనని మాస్టారికి అప్పుడే తెలిసింది. తాను ఎత్తుకున్న శ్రుతిని ఒక్కరూ పట్టలేదట. "ఇకనుంచి శ్రుతి నువ్వే ఇవ్వమ్మా," అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ప్రాణం పోయినంత పనైంది. "తాళం, నడక నేను చూస్తాను. చేతులు ఇంకా పనిచేస్తున్నాయి. కానీ ఒక్క షరతు. నాతో ఇక నటించొద్దు. నేను చెయ్యెత్తితే నిజంగానే పెంచండి. తప్పనిపిస్తే నా మొహానే చెప్పండి."

"అలాగే మాస్టారూ," అన్నారందరూ. ఆ మాట మీద నిలబడ్డారు కూడా. తర్వాతి మూడు క్లాసుల్లో ఆయన అలవాటుగా చెయ్యెత్తినప్పుడల్లా, "లేదు మాస్టారూ, సరిగ్గానే ఉంది" అని లెక్కల టీచరు మొహమాటం లేకుండా చెప్పేవాడు. ఆ మొహమాటం లేకపోవడం మాస్టారికి కాస్త ఎక్కువే అనిపించింది.

ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. నాటకం అయిపోయింది. నర్సు శ్రుతి ఇచ్చింది. మాస్టారు చెయ్యి కదిపారు. మొదటి చరణం సాఫీగా సాగింది. రెండో చరణంలో పియానో కలిసింది, ఆడవాళ్ళ గొంతులు పైకి లేచాయి.

మాస్టారి చెవిలో ఆ పాట విరిగిన పాలయింది. మగ గొంతులు ఒకచోట, ఆడ గొంతులు ఇంకోచోట. తగ్గింది, ఘోరంగా తగ్గింది! పంతొమ్మిదేళ్ళ అలవాటు ఆయన ఎడమ చేతిని పైకి లాగింది. అది నడుము దాకా లేచేసరికి ముందు వరుసలో నర్సు కళ్ళు పెద్దవయ్యాయి. ఆ చెయ్యి ఇంకో జానెడు లేస్తే పద్దెనిమిది మందీ మాట ప్రకారం నిజంగానే పెంచుతారు. స్టేజీ మీద, పాట మధ్యలో, "లేదు మాస్టారూ" అని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. చెవి పెంచమంటోంది. నర్సు మొహం వద్దంటోంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన తన చెవి మాట కాదని ఇంకొకరి మాట విన్నది లేదు.

ఎడమ చేతిని కోటు జేబులో దోపుకున్నారు. లోపల పిడికిలి బిగించి, ఒంటి చేత్తోనే చివరిదాకా తాళం నడిపించారు. పాట తన చెవిలో పుల్లగా, చేదుగా, ముక్కలు ముక్కలుగా పడుతుంటే, అది బాగుందని నమ్ముతూ నిలబడ్డారు. అంత కష్టమైన పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. చప్పట్లు మోగాయి. చప్పట్లకి శ్రుతి లేదు కాబట్టి అవి మాత్రం సవ్యంగానే వినపడ్డాయి.

తెర వెనక మేడం నటుల పెట్టుడు మీసాలు ఏరి డబ్బాలో పెడుతున్నారు. మాస్టారు వచ్చి దుస్తుల పెట్టె మీద కూర్చున్నారు. పాట ఎలా ఉందో ఊరందరికీ చెప్పడమే గానీ, ఎవరినీ అడిగి ఎరగరు.

"మేడం, పాట ఎలా ఉంది?"

ఆవిడ చేతిలో మీసం అలాగే ఉండిపోయింది. "నిజం చెప్పనా?"

"నిజమే చెప్పండి."

"రెండో చరణంలో డ్రైవర్ గారు తప్పారు. పైకి పోయారు. నాకే తెలిసిందంటే చూడండి. మిగతాదంతా బాగుంది. నాకు ఏడుపొచ్చింది."

"పైకి పోయాడా?"

"పైకే. రెండు పంక్తులు. తర్వాత సర్దుకున్నారు."

మాస్టారికి ఆ తప్పు వినపడనే లేదు. ఇకమీద ఎన్ని తప్పులు, ఎన్ని ఒప్పులు తన చెవిన పడకుండానే పోతాయో అనుకుంటే బెంగ ముంచుకొచ్చింది. అయినా ఎనిమిది వారాల తర్వాత ఒకరు తన పాటలో ఉన్న తప్పుని తప్పని చెప్పారు.

"మొదట్నుంచీ చెప్పండి," అన్నారు. "ఏ పంక్తి ఎలా పాడారో, ఒక్కటీ వదలకుండా."

మేడం మీసాల డబ్బా పక్కన పెట్టి, ఆయనకి కుడిపక్కగా వచ్చి పెట్టె మీద కూర్చుని, మొదటి పంక్తి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.