పెట్టెలో పడ్డ రెండక్షరాలు

ఆ శుక్రవారం మూడున్నరకి అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేపల కంపు కొట్టే రబ్బరు బూట్లతోనే నేరుగా వంటింట్లోకి నడిచింది. నేను పుట్టాక ఆమె అలా చెయ్యడం అదే మొదటిసారి.

"సెట్టా, తలుపెయ్యి."

వేశాను.

"నువ్వు ఎవరి దగ్గరా నోరు విప్పవు కాబట్టి నీకు చెప్తున్నా. నీ డైరీలో కూడా రాయకు. నా ఓటు నేనే పాడు చేసుకున్నానే."

ఆ రోజు జెల్ల చేపల ఫ్యాక్టరీలో యూనియన్ కావాలా వద్దా అని ఓటింగు. పొద్దున ఐదింటికి మొదటి షిఫ్టు వాళ్ళు వేశారు. సాయంత్రం షిఫ్టు వాళ్ళు మూడింటి నుంచి ఐదింటి దాకా వేస్తారు. ఐదున్నరకి ప్రభుత్వ అధికారి అందరి ముందూ లెక్కపెడతాడు.

"వద్దు దగ్గర గీశావా?" అన్నాను.

"కావాలి దగ్గరే గీశా. అక్కడితో ఆగుంటే బాగుండేది." అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. "ఆ తెర వెనక పెన్సిలు దారానికి కట్టి వేలాడదీశారు, అచ్చం మా బల్ల దగ్గరున్నట్టే. గీత గీసి, కింద వీ, టీ అని పెట్టేశా. మడిచి పెట్టెలో వేసేశా. మా లైన్‌కి పోయి మొదటి డబ్బా మూసి దాని మీద వీ, టీ అని రాస్తుంటే అప్పుడు తట్టింది."

ఫ్యాక్టరీలో చేప ముక్కలు సర్దే ఆడవాళ్ళు డబ్బా మూయగానే మూల మీద తమ పేరుకీ ఇంటిపేరుకీ మొదటి అక్షరాలు రాయాలి. తూకం తగ్గినా, ముక్కలో ముల్లు దొరికినా డబ్బా ఆ అక్షరాల వాళ్ళ దగ్గరికే తిరిగొస్తుంది. అమ్మ పేరు వెర్లీన్ టాలివర్. పద్నాలుగేళ్ళుగా గంటకి నలభై డబ్బాల మీద ఆ రెండక్షరాలే రాస్తోంది. పెన్సిలు చేతికి తగిలితే వేళ్ళు వాటంతటవే కదులుతాయి.

కాగితం మీద పేరు గానీ గుర్తు గానీ రాస్తే ఓటు చెల్లదని యూనియన్ తరఫున మెంఫిస్ నుంచి వచ్చిన మిస్ జెనీవా ప్యూరిఫాయ్ రాత్రిళ్ళు చాటుగా మా వంటింట్లోనే మూడుసార్లు చెప్పింది. ఆవిడిచ్చిన కరపత్రం పైకి చదివింది నేనే. అమ్మ తల ఊపింది కూడా.

ఓటు పోవడం ఒక్కటే అయితే అమ్మ అంతగా భయపడేది కాదు. ఇన్నాళ్ళూ ఆమె ఫ్యాక్టరీలో ఎటువైపూ ఒక్క మాట అనలేదు. మా పెద్దమ్మ ఒడెస్సా యూనియన్ బిళ్ళ చొక్కాకి పెట్టుకుని తిరిగింది గానీ అమ్మ పెట్టుకోలేదు. మేమున్న ఇల్లు సూపర్‌వైజర్ డనవే బావమరిదిది. ఫ్యాక్టరీలో పనిపోతే ఆ వారమే ఇల్లు కూడా పోతుంది. ఇంతకుముందు నోరెత్తిన ఇద్దరికి అలాగే జరిగింది. ఇప్పుడు కావాలి అన్న గడిలో గీత, కింద వీ, టీ. అధికారి ఆ కాగితాన్ని రెండు పక్షాల వాళ్ళకీ చూపిస్తాడు.

"మిస్ జెనీవాకి చెబుదామా?"

"చెబితే ఏం చేస్తుంది? పెట్టెలో చెయ్యి పెట్టి ఏరి తెస్తుందా?"

పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. వాటిని దించడం ఇద్దరం మర్చిపోయాం. అడుగంటిన వాసన వచ్చాక అమ్మ లేచి బూట్లు విప్పి, ముఖం కడుక్కుని, చర్చికి వేసుకునే నీలం గౌను తొడుక్కుంది.

"వెళ్తావా?" అన్నాను.

"వెళ్ళకపోతే నేనేనని ఇట్టే తెలిసిపోతుంది. నువ్వూ రా. ఒక్కదాన్నీ నిలబడలేను."

ఫ్యాక్టరీ వాకిట్లో అప్పటికే జనం. ఆ ముందు ఆదివారం మా చర్చికి శాసనసభ సభ్యుడొచ్చాడు. నవంబరులో అతనికి ఎన్నికలున్నాయి. యూనియన్ వస్తే ఫ్యాక్టరీ నది దాటి పక్క రాష్ట్రం ఆర్కన్సాకు పోతుందని, అప్పుడు మళ్ళీ పత్తి చేలల్లో గడ్డి పీక్కోవాలని నవ్వుతూ చెప్పి, పిల్లలందరికీ విసనకర్రలు పంచి వెళ్ళాడు. పాస్టరుగారు ఆమెన్ అనలేదు గానీ కాదనీ అనలేదు. చర్చిలో కొత్తగా పెట్టిన ఏసీ ఫ్యాక్టరీ యజమాని ఇచ్చిందే.

అమ్మతో పనిచేసే రూతీ మే మాత్రం ఎవరికీ జంకదు. తన పాత కారు బానెట్ మీద కూర్చుని అరుస్తోంది.

"ఒసేయ్ వెర్లీన్, గౌను చూడు దీనిది! పెళ్ళికొచ్చావా, లెక్కకొచ్చావా?"

"రెండూ ఒకటేలే," అంది అమ్మ.

"మనం గెలిస్తే సోమవారం నుంచి నేను బాత్రూమ్‌కి పోతే ఆ డనవే గడియారం పట్టుకుని తలుపు దగ్గర నిలబడడమ్మా. తువ్వాలు పట్టుకుని నిలబడతాడు!"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, అంతే వాళ్ళకిచ్చేది. నెలసరి రోజుల్లో అయినా అంతే. నవ్వినవాళ్ళలో పెద్దామె మిస్ లుయెల్లా బిబ్స్ కూడా ఉంది. రెండు కళ్ళలోనూ పొర కమ్మినా చేత్తో తడిమి ముల్లు తీసే మనిషి. అమ్మ కూడా నవ్వింది. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా ఉంగరం వేలికి గుచ్చుకుంది.

లెక్క భోజనాల గదిలో మొదలైంది. వేడికి తలుపులు తెరిచే ఉంచారు. లోపల బల్ల దగ్గర అధికారి, ఒక పక్క డనవే, ఇంకో పక్క యూనియన్ తరఫున మా పెద్దమ్మ. అధికారి ఒక్కో కాగితం విప్పి చదువుతుంటే బయటికి వినిపిస్తోంది.

"కావాలి. కావాలి. వద్దు. కావాలి. వద్దు. వద్దు."

కంచె కర్రల మీద లెక్కపెట్టుకుంటూ నేను రెండు వైపుల ఓట్లూ గుర్తుంచుకుంటున్నాను. ముప్ఫై దాటాక కావాలి ముందుంది. అరవై దగ్గర వద్దు ముందుకొచ్చింది. ప్రతి కాగితానికీ అమ్మ ఊపిరి బిగపట్టడం నాకు తెలుస్తోంది. అది యూనియన్ కోసమో, తన కాగితం కోసమో తెలియలేదు. అప్పుడు మాట ఆగింది. లోపల ఎవరో కుర్చీ జరిపారు. చాలాసేపటికి అధికారి గొంతు వచ్చింది.

"ఇది చెల్లదు. పక్కన పెడుతున్నాను."

వాకిలంతా గుసగుసలు. అమ్మ కదల్లేదు.

చివరికి కావాలి తొంభై ఒకటి, వద్దు తొంభై ఒకటి. సమానమైతే గెలుపు కంపెనీదే. సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువ రావాలని చట్టం. మళ్ళీ ఓటింగు అడగాలంటే ఏడాది ఆగాలని మిస్ జెనీవా చెబుతుంటే ఎవరూ వినడం లేదు. ఎవరో ఏడుస్తున్నారు.

డనవే బయటికొచ్చి టోపీ పెట్టుకున్నాడు. మా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, మాకిద్దరికే వినపడేట్టు అన్నాడు.

"నీ రాత భలే గుండ్రంగా ఉంటుంది వెర్లీన్. ఎక్కడున్నా పట్టేయొచ్చు."

అతను వెళ్ళిపోయాడు. అతని వెనకే పెద్దమ్మ వచ్చింది. చెల్లెలి ముఖం మాత్రం చూడలేదు.

రూతీ మే ఎదురెళ్ళింది. "ఒడెస్సా, ఆ చెల్లని కాగితం మీద ఏముందే? నువ్వు చూశావుగా?"

"ఏదో గీత. గుర్తులేదు."

"గుర్తులేకపోవడమేంటి? ఆ ఒక్కటీ మనకి పడుంటే గెలిచేవాళ్ళం! ఏ పనికిమాలింది గీసింది?"

ఒక్కొక్కరి చూపూ తిరిగి తిరిగి మిస్ లుయెల్లా మీద ఆగింది. ఆవిడ చేతిసంచీని ఛాతీకి అదుముకుని తనే అంది.

"నేనేనేమోనమ్మా. గడి సరిగ్గా కనపడలా. పెన్సిలు జారి అటూ ఇటూ పోయిందేమో. నేనే అయ్యుంటాను."

"అయ్యో దేవుడా," అంది రూతీ మే, బానెట్ మీద అరచేత్తో కొట్టి. "కళ్ళు కనపడకపోతే అధికారిని సాయం అడగొద్దా మిస్ లుయెల్లా?"

అమ్మ నా చెయ్యి వదిలేసింది. ఆపాలని నాకు అనిపించింది. డనవేకి ఎలాగూ తెలిసింది, వీళ్ళకి తెలియాల్సిన పనేముంది, పెద్దమ్మ ఎలాగూ నోరు విప్పదు. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. రానందుకు తర్వాత సంతోషించాను.

"ఆవిడని ఏమీ అనొద్దు," అంది అమ్మ. "అది నాది. కావాలి దగ్గరే గీత గీశా. కింద నా అక్షరాలు పెట్టేశా, డబ్బా మీద పెట్టినట్టు."

రూతీ మే అమ్మని కింద నుంచి పైదాకా చూసింది.

"కరపత్రం మీ ఇంట్లోనే కదే చదివింది."

"అవును."

"మీ పిల్లే కదే చదివింది."

"అవును రూతీ. నా బుద్ధికి తెలుసు. చేతికి తెలియలా."

రూతీ మే కారెక్కి తలుపు దడాలున వేసింది. రోజూ అమ్మ వచ్చేది ఆ కారులోనే. మేము ఆ సాయంత్రం నడిచి వచ్చాం. మైలున్నర దారిలో మిస్ లుయెల్లా మాతోపాటు నడిచింది. వద్దన్నా వినలేదు. దారంతా తన కోళ్ళ గురించే మాట్లాడింది.

శని, ఆదివారాల్లో ఎవరూ మా గుమ్మం తొక్కలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమని డనవే బావమరిది వస్తాడేమోనని రోడ్డు మీద ట్రక్కు చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికెళ్ళాను. రాలేదు.

సోమవారం పొద్దున నాలుగున్నరకి అమ్మ రోడ్డు పక్కన నిలబడింది. కారు రాకపోతే నడిచే పోతానంది. వరండా మీద నేను. కారు దీపాలు దూరంగా కనపడ్డాయి. వేగం తగ్గినట్టు లేదు. మా తపాలా పెట్టె దాటి పోయి, పది గజాల అవతల ఆగింది. తలుపు ఎవరూ తియ్యలేదు. అమ్మే వెళ్ళి తీసుకుంది.

"ఎక్కు, ఎక్కు," అంది రూతీ మే ముందుకే చూస్తూ. "నువ్వు రాకపోతే ఆ డనవే గాడు గెలిచానని గంతులేస్తాడు. వచ్చే ఏడాది నీకు పెన్సిలివ్వరు, వేలిముద్రే."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. అమ్మ నవ్విందో లేదో చీకట్లో కనపడలేదు.

మేము భయపడ్డట్టు అమ్మని పనిలోంచి తియ్యలేదు. తీస్తే అధికారికి అర్జీ వెళ్తుందని డనవేకి తెలుసు. డబ్బాల బల్ల దగ్గర్నుంచి తీసి చేపల తలలు కోసే రంపం ముందు నిలబెట్టాడు. మనుషులు తక్కువయ్యారని చెప్పాడట. జారే నీళ్ళలో నిలబడి నిమిషానికి ముప్ఫై చేపలు రంపానికి తోయాలి. పోయిన చలికాలంలో అక్కడ ఒకావిడకి రెండు వేళ్ళు పోయాయి.

మూడున్నరకి కారు ఆగిన చప్పుడు వినగానే రోజూ నేను వరండా మెట్లు దిగి ఎదురెళ్తాను. ముఖం తర్వాత. ముందు అమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంటాను.