సారు ఇంటికి టైల్స్

మా అత్త మంగవ్వ నడవదు, జరుగుతుంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె బతుకు నేల మీదే. రెండు చేతులు నేలకు ఆనించి, నడుము కొంచెం లేపి ముందుకు జరుగుతుంది. మంచం నుంచి స్నానాల గదికి, అక్కడి నుంచి గడప దగ్గరికి, మళ్లీ మంచానికి. మా ఇంటి గచ్చేమో ఎక్కడికక్కడ పగిలి పెచ్చులు లేచింది. ఆమె చీరలన్నీ వెనక వైపు చిరుగులే. వానకాలంలో తొడ గీరుకుపోయి పుండైతే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ కట్టు కట్టి, "ముందు ఇంట్ల నేల బాగు చేయించుండ్రి, మందులు తర్వాత" అని చెడామడా తిట్టింది.

ఆ తిట్లు తిన్నది నేను, కన్న కొడుకు కాదు. కన్న కొడుకు బయట స్కూటర్ దగ్గర నిలబడ్డాడు. ఆయనకు దవాఖాన వాసన పడదట.

ఆయన అంటే మా ఇంటాయన దేవిదాస్. మాక్లూర్ దిక్కు ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు పని. ఫీజులు కట్టించుకోవడం, సర్టిఫికెట్లు రాసివ్వడం. ఏనాడూ పాఠం చెప్పింది లేదు. కానీ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ పిల్లలకు సారే కదా. ఆ పిలుపు ఆయన ఒంటికి బాగా పట్టింది. ఇస్త్రీ మడత నలిగితే ఆ పూట మాట్లాడడు. నేను ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు ఏరే పనికి పోతాను. పొద్దంతా కుప్పల ముందు కూర్చుని కొమ్ములు ఒక దిక్కు, గడ్డలు ఒక దిక్కు వేరు చేస్తాం. పొద్దుగూకేసరికి చేతులు, కాళ్లు, చెవుల వెనక కూడా పసుపే. ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందుల్లోంచి పోదు. అది చూసుకుని నేనెప్పుడూ సిగ్గుపడలేదు. సిగ్గెందుకు, దొంగతనం చేసి తెచ్చిన రంగా అది?

ఈ ఏడు చిట్టి ఎత్తి నేల వేయించుదామనుకున్నాం. "అమ్మ సంగతి నీకే ఎరుక, నువ్వు గూడ రా. యార్డు నుంచి సీదా దుకాణం కాడికి రా" అన్నది ఆయనే. నిజామాబాద్ రోడ్డు మీద ఉంది ఆ టైల్స్ దుకాణం. నేను వెళ్లేసరికి ఆయన బండి ఆపి నిలబడి ఉన్నాడు. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"జర కాళ్లు మొఖం కడుక్కొని రావద్దా?"

"కడుక్కున్న. గిది కడుక్కున్నంకనే" అన్నాను.

అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయామో లేదో, ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. "సార్! నమస్తే సార్! నన్ను గుర్తు పట్టిన్రా? జితేందర్‌ను సార్. మీ కాలేజీలనే డిగ్రీ చేసిన."

గుర్తు పట్టలేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఈయన ఛాతీ జానెడు పొంగింది. "ఆఁ ఆఁ, జితేందర్! ఎందుకు గుర్తు లేదు? మంచిగున్నవా?" అంటూ కుర్రాడి భుజం తట్టాడు. జితేందర్ ఫ్యాను కింద కుర్చీ వేసి, సీసాలో చల్లని నీళ్లు తెచ్చి, చాయ్‌కి కేక వేశాడు. వేసింది ఒకటే కుర్చీ. నేను దాని గురించి ఆలోచించలేదు. నాకు టైల్స్ తొందర.

ముందు తాండూరు బండలు చూశాను. అగ్గువే, గట్టివే. కానీ అతుకుల దగ్గర ఒక బండ ఎత్తు, ఒక బండ పల్లం వచ్చాయంటే ముసలామె చీర పట్టుకుంటుంది. పార్కింగు టైల్స్ అని గరుకువి ఉన్నాయి, వాటి మీద జరిగితే మా అత్త తోలు ఊడివస్తుంది. మెరిసే తెల్లవి ఉన్నాయి, చూడ్డానికి పాలమీగడే. ఒక మూల మట్టిరంగువి కనిపించాయి. మెరుపు లేదు, గరుకూ లేదు. చేత్తో రాస్తే బాగానే ఉంది. కానీ మా అత్త చేత్తో రాసి ఊరుకోదు కదా, రోజంతా దాని మీద జరగాలి.

అందుకని కూర్చున్నాను.

చూపించడానికి నేల మీద వరసగా పరిచిపెట్టారు వాటిని. చీర కుచ్చిళ్లు సర్దుకుని, రెండు చేతులు ఆనించి, మా అత్త జరిగినట్టే జరిగాను. ఈ చివర నుంచి ఆ చివరిదాకా. చీర ఎక్కడా పట్టలేదు. సీసాలోని నీళ్లతో అరచేతులు తడుపుకుని మళ్లీ జరిగాను. చెయ్యి నిలబడింది. పక్కనే తెల్లవాటి మీదికి పోయి అట్లాగే చేశాను. సర్రున జారి మోచెయ్యి టంగున తగిలింది. "వామ్మో! మా అత్త అయితే సీదా మీదికే" అని నాకు నేనే నవ్వుకున్నాను. దొరికిందిరా మన టైలు అని సంబరంగా ఆయన వైపు తిరిగాను.

కౌంటర్ దగ్గర ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. జితేందర్ కూడా నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"సార్, ఎవరు సార్ ఈమె?"

ఆయన నా దిక్కు చూడలేదు. చాయ్ కప్పులోకి చూస్తూ చెప్పాడు.

"మా ఇంట్ల పని చేస్తది. అమ్మను అరుసుకుంటది."

నేను నేల మీదే ఉన్నాను. తల కొట్టేసినట్టయింది. మీరు చెప్పండి, అందులో అబద్ధమేమన్నా ఉందా? ఇంట్లో పని చేస్తాను. వాళ్లమ్మకు నీళ్లు పోసేది, తల దువ్వేది, పుండు కడిగేది నేనే. అన్నీ నిజాలే చెప్పాడు మహానుభావుడు, ఒక్క మాట తప్ప.

నా నోటికి యార్డంతా జడుస్తుంది. తూకం దగ్గర మోసం చేస్తే సేటునైనా నిలబెట్టి కడిగేస్తాను. ఆ పూట ఆ నోరు ఏ గంగలో కలిసిందో! "ఏమయ్యా, నేను నీకు పనిమనిషినా?" అని ఒక్క కేక వేస్తే అయిపోయేది. వేయలేదు. వేస్తే కుర్రాడి ముందు ఈయన ఇజ్జత్ పోతుంది. అది ఒకటి. రెండోది చెప్పడానికే నాకు ఏదోలా ఉంది. ఆ నవ్వే ఆడమనిషి, 'ఓహో, సారు భార్య ఇదా' అని నన్ను ఇంకోసారి చూస్తుందేమోనని భయపడ్డాను. చీర అంచు లాగి పాదాలు కప్పుకున్నాను. నా పాదాలను నేను దాచుకున్నాను. ఆయన అన్నదానికన్నా నేను చేసిన ఆ పనే నాకు ఎక్కువ కాలింది.

ఈలోపు జితేందర్ ఆయన్ను తెల్లవాటి దగ్గరికి తీసుకుపోయాడు. "సార్ ఇంటికంటే గిది ఉండాలె సార్. పోయిన వారమే లెక్చరర్ సార్ ఒకాయన ఏయించుకున్నడు. మొఖం కనవడ్తది."

"మంచిగనే ఉన్నది. గిదే రాసెయ్" అన్నాడు మా సారు.

మొఖం చూసుకోవడానికా మేం నేల వేయించేది? స్నానం చేసి తడి చేతులతో ఆమె దాని మీద జరిగితే రెండో తుంటి కూడా విరుగుతుంది. వద్దని చెప్పాలి. కానీ ఎవరు చెప్పాలి? భార్య అయితే 'నీకేమన్నా తలకాయ ఉన్నదా' అని లాక్కొస్తుంది. పనిమనిషి ఏమంటుంది? నోరు మూసుకుంటే మా అత్త పడుతుంది. నోరు తెరిస్తే ఈయన పడతాడు. లేచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, రెండడుగులు ముందుకు వేసి పిలిచాను.

"సార్."

పెళ్లయినప్పటి నుంచి నేను ఆయన్ను అట్లా పిలవడం అదే మొదలు.

"సార్, గా తెల్లది వద్దు సార్. అమ్మ జారి పడ్తది. గా మట్టిరంగుది తీసుకోండ్రి సార్."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో చాయ్ ఇస్త్రీ చొక్కా మీద ఒలికింది. జితేందరే అందుకున్నాడు. "ఆమె చెప్పేది గూడ కరెక్టే సార్. ముసలోళ్లుంటే గిట్ల మెరవని మ్యాట్ టైలే మంచిది. మీకు అగ్గువ గూడ పడ్తది."

"సరే. అదే రాయి" అన్నాడు ఆయన, గోడకు చెబుతున్నట్టు.

నేను వచ్చిన పని అయింది. అనుకున్న టైలు, అనుకున్న ధరలో దొరికింది. అయినా అక్కడి నుంచి ఎప్పుడు బయటపడతానా అని ప్రాణం కొట్టుకుంటోంది. బిల్లు రాస్తూ జితేందర్ మంచిమాటే అనుకుని అన్నాడు. "మంచి మనిషి దొరికింది సార్. గీ కాలంల గిట్ల సొంతోళ్ల లెక్క చూసుకునేటోళ్లు యాడున్నరు? ఏమిస్తరు సార్?"

"పైసలేం లెవ్వు" అన్నాడు ఆయన. కొంచెం ఆగి, "తిండి, బట్ట మాదే."

బయటికి వచ్చి స్కూటర్ స్టార్ట్ చేసి నా కోసం చూశాడు. అద్దాల తలుపు వెనక జితేందర్ చెయ్యి ఊపుతున్నాడు.

"నువ్వు పో. పనిమనిషిని బండి మీద ఎక్కించుకుంటరా ఎవలన్న?" అన్నాను.

'ఛ, ఎక్కు' అంటాడనుకున్నాను. పోయాడు! నిజంగానే పోయాడు. నేను కోపంతో ఒళ్లు మండిపోతూ మామిడిపల్లి చౌరస్తా దాకా నడిచాను. అక్కడ, దుకాణం కనబడని చోట, బండి ఆపుకుని ఉన్నాడు. "ఎక్కు" అన్నాడు. నేనూ ఎక్కాను. ఎక్కకపోతే నాకు కొంచెం మర్యాద మిగిలేది. దారిలో మిర్చి బజ్జీలు కొన్నాడు. ఆ పొట్లం నా చేతిలోనే చల్లారిపోయింది. ఇంటికొచ్చాక మా అత్త తిన్నది, బాగున్నాయన్నది.

టైల్స్ వచ్చే రోజు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "ఇయ్యాల లోడ్ వస్తది. నువ్వు యార్డుకు పో. నేను దించుకుంట."

మా ఇంట్లో మంచినీళ్ల క్యాను ఎత్తని మనిషి టైల్స్ డబ్బాలు దించుతాడట! నాకు అర్థమైంది. ఆ కుర్రాడు వచ్చేసరికి నేను ఇంట్లో ఉండకూడదు.

"యార్డు బంద్" అన్నాను. బంద్ లేదు గింద్ లేదు. అబద్ధాలు ఆయనొక్కడికే వస్తాయా?

ట్రాలీ ఆటో వెంట జితేందరే వచ్చాడు. "ఏమ్మా, జర గా చివర పట్టు" అన్నాడు నాతో. పట్టాను. మా అత్త గడప దగ్గర గోనెసంచి మీద కూర్చుని, వచ్చిన ప్రతి డబ్బానూ చేత్తో తడిమి మురిసిపోతోంది. ఆయన పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఒక డబ్బా ఎత్తి లోపలికి తెస్తున్నాను. అప్పుడు అడిగాడు జితేందర్.

"సార్, మేడం లేరా? ఒక్కసారి కలర్ చూపియ్యుండ్రి. డబ్బా ఇప్పినంక వాపస్ తీసుకోం మల్ల."

ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "మేడం ఊరికి పోయింది. నవీపేట్. వాళ్లమ్మ దగ్గరికి."

నేను డబ్బా పట్టుకుని ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను.

"ఎవలు పోయిండ్రురా నవీపేటకు?" మా అత్త అందుకుంది. ఆమెకు కాళ్లు పనిచేయవు గానీ చెవులు పాములవి. "మేడం ఎవలు?"

"ఏం లేదమ్మా, నువ్వు ఊకో."

"ఊకునుడేంది? మేడం ఎవలురా అంటున్న. ఇంకొకదాన్ని గిట్ల చేసుకున్నవా ఏంది?" ఆమె గొంతు పెరిగింది. "నీలా, నీకు ఎర్క ఉన్నదా గీ సంగతి? అయ్యో, నా కోడలా! నా పియ్యి ఎత్తుతున్నవు, ఉచ్చ ఎత్తుతున్నవు, నీ మీదికి సవతిని తెచ్చెనా వీడు!" అని నెత్తి కొట్టుకుంటూ ఏడుపు మొదలుపెట్టింది. పక్కింటి వాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు.

జితేందర్ ఆమెను చూశాడు. నన్ను చూశాడు. నా చేతుల్లోని డబ్బాను చూశాడు. పాపం, వాడి ముఖం నల్లబడిపోయింది.

"అమ్మా, ఊకోవే! మేడం లేదు గీడం లేదు. ఇంకెవ్వలు లేరు" అన్నాడు ఆయన. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "గీమెనే. నా భార్య గీమెనే."

తల వంచుకుని చెప్పాడు. పోలీసుల ముందు దొంగతనం ఒప్పుకునే మనిషి అట్లా చెబుతాడు. ఆ మాట ఆయన నోట వస్తే తల ఎత్తుకుని నిలబడాలని, ఆ కుర్రాడి కళ్లలోకి చూడాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను. వచ్చింది. నా తల లేవలేదు. నాతో కాపురం చేయడం ఒప్పుకోవాల్సిన తప్పు అయిందంటే, ఇక తల ఎత్తి ఎవరిని చూడను?

జితేందర్ దగ్గరికి వచ్చి నా చేతుల్లోంచి డబ్బా తీసుకున్నాడు. "తప్పయింది మేడం. ఆ పొద్దు గట్ల అడిగిన..." అన్నాడు. ఏ తప్పూ చేయని పిల్లవాడు.

"నీ తప్పేం లేదు బిడ్డా" అన్నాను.

మా అత్త కళ్లు తుడుచుకుని అప్పుడే నవ్వుతోంది. "గింతేనా? పానం తీసినవు కదరా! మా నీలవ్వనా మేడం?" అని ఒకటే మురిపెం.

చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. ఆయన నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను తిరిగి చూడలేదు గానీ చెవులన్నీ అటే ఉన్నాయి. ఇప్పుడన్నా ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అంటే చాలు, అన్నీ మరిచిపోదామనే అనుకున్నాను.

"నీలా" అన్నాడు మెల్లగా.

"చెప్పు."

"గా పోరడు కాలేజీల ఎవలకన్న చెప్తడంటవా?"

స్టవ్ తగ్గించాను.

"చెప్పడు తీయ్" అన్నాను. "గా పోరనికి సిగ్గున్నది."