ఖాళీగా ఊపిన మంచం

సోమవారం మధ్యాహ్నం నుంచి మా ఇంటి నేల మంచాలను నిలవనివ్వడం లేదు. మంచం కోళ్లు గంటకు వేలెడు చొప్పున గచ్చులోకి దిగిపోతాయి. బడి నుంచి తెచ్చిన స్కేలుతో రెండుసార్లు కొలుస్తాను. రెండుసార్లూ ఒకటే లెక్క. సాయంత్రానికి పట్టెలు, ఆ తరువాత పరుపు దిగుతాయి. పైన గచ్చు మళ్లీ నున్నగా మూసుకుంటుంది. చీపురుతో ఊడిస్తే దుమ్ము కూడా రాదు.

కుర్చీలు నిలుస్తున్నాయి. బీరువా నిలుస్తోంది. ఎవరైనా నిద్రపోయిన వస్తువునే నేల తీసుకుంటుంది. ఇప్పటికి పెద్ద మంచం, హైమ చిన్న మంచం, మూడు తలగడలు వెళ్లాయి. అన్నిటికంటే ముందు వెళ్లింది చాప.

చాప వెళ్లి పద్దెనిమిది రోజులు. ఆ రోజు హైమ నాన్న భోజనం చేసి, చాప పరుచుకుని, ఒక్క అరగంట అని పడుకున్నారు. లేవలేదు. డాక్టరు కాగితం మీద గుండె అని రాశారు. నేను దాన్ని ప్రతిసారీ నేల అని చదువుతాను.

హైమకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి పన్నెండున్నరకు ఇంటికి వస్తుంది. అన్నం తిన్న చోటే కళ్లు మూతలు పడతాయి. అది వాళ్ల నాన్న నిద్ర. మూడు రోజులుగా దాన్ని కుర్చీలో, నా ఒళ్లో పడుకోబెట్టుకుంటున్నాను. నిన్నటి నుంచి ఆ కుర్చీ కూడా కొంచెం ఒరుగుతోంది.

అందుకని గురువారం సెలవు పెట్టి, వేలాడే మంచం కోసం కబురు పంపుతాను.

అది ఈ ఇంట్లో కొత్త కోరిక కాదు. హైమ నాన్న కరెంటు లైన్‌మన్. పగలంతా స్తంభానికి బెల్టు కట్టుకుని వేలాడి వచ్చే మనిషి ఏడేళ్లు ఉయ్యాల మంచం అడిగారు. కింద గాలి ఆడుతుంది, చీమలు ఎక్కవు, ఊడవడానికి వీలు, పడుకుంటే భూమితో పని ఉండదు అనేవారు. నేను ఇబ్బందులు చెప్పేదాన్ని. దోమతెర ఎలా కట్టాలి, దుప్పటి మార్చేటప్పుడు మంచాన్ని ఎవరు పట్టుకోవాలి, దూలం ఎంత బరువు మోస్తుంది. "టీచరుగారూ, నిద్రక్కూడా ప్రాక్టికల్సు పెడతారేటి?" అని నవ్వేవారు. నేను భౌతికశాస్త్రం చెబుతాను. మార్కులు వేసే అలవాటు ఇంటికి వచ్చినా పోయేది కాదు.

వడ్రంగి సన్యాసాచారి పది గంటలకు వస్తాడు. సంచీ లేదు, గొడుగు తెచ్చాడు. హాల్లో గొడుగు తెరిస్తే, ఒక్కో ఊచకు అరచేయంత మంచం ఒకటి వేలాడుతోంది. అన్నిటికీ పరుపులున్నాయి. ఒకదానిలో ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు దుప్పటి నలిగి ఉంది.

"సూడండి టీచరమ్మా," అంటాడు గొడుగు తిప్పుతూ. "ఇదుందా, గుండ్రంటిది. ఒకటే తాడు. అందానికి దీన్ని మించింది నేదు. గానీ తూరుపుకి తలెట్టి పడుకుంటే పడమరకి లెగుస్తారు. అలాగ లెగిసినోలు ఇంకా సొంత గుమ్మం ఎతుక్కుంటన్నారు."

"వద్దు."

"ఇది వల. ఒంటికి గాలి బాగా తగుల్తాది. నడుం నొప్పి ఉన్నోలికి పనికిరాదు."

"మా పాపకు నడుం నొప్పి లేదు."

"వల్లో పడ్డదాన్ని ఒవులో ఒకలు లాగుతారు కదమ్మా."

నేను తరువాతి దాన్ని చూస్తాను. దానికి గొలుసు లేదు, తాడు లేదు.

"ఇది దేనికి వేలాడుతుంది?"

"అదే సెప్పరు సేసినోలు. దీన్ని అమ్మలేక సస్తన్నాను."

చివరి ఊచకు ఉన్నది మామూలు ఉయ్యాల బల్ల. పట్టెలు పెంచి మంచం చేశాడు. నాలుగు మూలలా నాలుగు గొలుసులు. అందం తక్కువని తనే ఒప్పుకుంటాడు. అదే చాలంటాను.

"నేలకి ఎంత ఎత్తున కట్టమంటారు?"

"ఎంత ఉండాలి?"

"ఎంత బయం ఉంటే అంత."

రెండడుగులు అంటాను. భయం దానికంటే ఎక్కువే ఉంది, కానీ హైమ ఎక్కాలి.

"గుంట బరువెంత?"

"ఇరవై నాలుగు కిలోలు."

"గుంట ఒక్కర్తేనా పడుకునీది?"

"ఒక్కతే."

"బరువు కాడ అందరూ తక్కువే సెప్తారమ్మా. నాను అడగట్లేదు, కొక్కేం అడుగుతంది."

నిచ్చెన ఎక్కి దూలాన్ని వేలితో తట్టి చూస్తాడు. గోరుతో రంగు గీకుతాడు. "ఏటమ్మా, కొక్కేలు ఉన్నాయి కదా," అంటాడు. రెండు దూలాలకు నాలుగు. రంగు కింద దాగి ఉన్నాయి. గ్రీజు ఇంకా తడిగా ఉంది.

నాలుగేళ్ల క్రితం పదో తరగతి పేపర్లు దిద్దడానికి పది రోజులు వేరే ఊళ్లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఇంటికి రంగులు వేయించి ఉంచారు. ఎలా ఉందని అడిగారు. నేను గోడలన్నీ చూసి బాగుందన్నాను. పైకి చూడలేదు. ఆయన ఇంకేమీ అడగలేదు.

సన్యాసాచారి గొడుగు నుంచి మంచాన్ని తెంపి కొక్కేలకు తగిలిస్తాడు. తగిలించగానే అది ఆరడుగులు అవుతుంది.

"పడుకోబెట్టే ముందు రాయెట్టండి. తెలుసు కదా."

తెలుసు. కొత్త ఉయ్యాల మొదట రాయితో ఊగాలి. సన్నికల్లు మీద నూరే పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, ముందు దాన్ని పడుకోబెడతారు. హైమ బారసాలకు అలాగే చేశాం. రాయి తరువాత హైమ. అప్పుడు వాళ్ల నాన్న వంగి, దాని చెవిలో పేరు మూడుసార్లు చెప్పారు. ఆ పొత్రం ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది.

"కాళీగా మాత్రం ఊపీకండమ్మా. కాళీ ఉయ్యాల ఊపితే అది కాళీగా ఉండదు."

ఆ మాట చెప్పి అతను నిచ్చెన మీద ఇంకో మెట్టు ఎక్కుతాడు, మరో మెట్టు ఎక్కుతాడు, కిందికి దిగకుండానే వెళ్లిపోతాడు. గొడుగు మిగులుతుంది.

పదకొండున్నర. పొత్రం కడగడానికి వంటింటి వైపు బయలుదేరుతాను. గొలుసుల పొడవు సరిగా ఉందో లేదో ఒకసారి చూడాలనిపిస్తుంది. పదహారేళ్లుగా పిల్లలతో లోలకం ప్రయోగం చేయిస్తున్నాను. మంచాన్ని జానెడు పక్కకు లాగి వదులుతాను. గడియారం చూస్తూ లెక్కపెడతాను. పది ఊపులు. ఇరవై ఎనిమిదిన్నర సెకన్లు. అంటే గొలుసు రెండు మీటర్లు. సరిపోయింది.

సరిపోయింది అనుకున్న తరువాతే నేను ఏం చేశానో నాకు తెలుస్తుంది.

రెండు చేతులతో మంచం అంచు పట్టుకుంటాను. అది ఆగదు. నన్ను రెండు అడుగులు లాక్కుపోతుంది. గోడ వైపు పలక కిర్రుమంటుంది, ఎవరో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలినట్టు. కొక్కేలు పాడుతున్నాయి. ఖాళీ మంచానికి అవి పాడలేదు.

మళ్లీ లెక్కపెడతాను. పది ఊపులు. ఇరవై ఎనిమిదిన్నర.

బరువు మారినా ఊపు కాలం మారదు. ఏటా ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి కింద గీత గీస్తాను. పిల్లలు నమ్మలేనట్టు చూస్తే నాకు సంతోషంగా ఉండేది. మంచం ఖాళీయో కాదో ఈ లెక్క నాకు చెప్పదు.

పన్నెండున్నరకు హైమ వస్తుంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ మంచాన్ని చూస్తుంది.

"నాన్న గోడపక్కన పడుకున్నాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? జరగమంటే జరిగాడు కదా. ఇద్దరం పడతాం."

"నువ్వు ముందు అన్నం తిను."

"నాన్న తిన్నాడా?"

"తిన్నారు."

అది అబద్ధం కాదు. ఆ రోజు తిన్నారు.

హైమ పప్పన్నం తింటుంది. చేయి కడగకముందే తల వాలుస్తుంది. లేపి నిలబెడతాను. పదమూడో ఎక్కం చెప్పమంటాను.

"అందరమ్మలూ పడుకోమని కొడతారు," అంటుంది. "నువ్వు పడుకోవద్దని ఎక్కాలు అడుగుతావు."

"చెప్పు."

చెబుతుంది. పదమూడు ఐదులు అరవై ఐదు. పదమూడు ఆరులు డెబ్భై ఎనిమిది. పదమూడు ఏడులు తొంభై ఒకటి అంటూ కళ్లు మూసుకుంటుంది. ఆ క్షణంలోనే దాని మడమలు గచ్చులోకి పప్పుబద్దంత దిగుతాయి. చుట్టూ నేల మెత్తగా, ఓపికగా ఉంది.

కిందకా, మంచం మీదకా అని ఆలోచించడానికి నాకు సమయం లేదు. నేల నుంచి దాన్ని ఊడబెరికి మంచం మీద, ఇవతలి అంచున పడుకోబెడతాను. గోడ వైపు దుప్పటి కొంచెం జరిగి చోటిస్తుంది. మంచం ఊగుతుంది.

పది ఊపులు. ముప్పై సెకన్లు.

బరువు కాలాన్ని మార్చదు. పొడవే మారుస్తుంది. గొలుసులు సాగుతున్నాయి. కొక్కేల దగ్గర ఒక్కో లింకు పుట్టి కిందికి దిగుతోంది. పది ఊపులకు ముప్పై ఒకటి. ఇప్పుడు మంచానికీ నేలకూ మధ్య జానెడు ఉంది. నేల తనది ఒకటి మంచం మీద ఉందని గుర్తుపట్టింది. ఆయనతో పాటు హైమ దిగుతోంది.

పరుగెత్తి పొత్రం తెస్తాను. పసుపు రాయడానికి కూడా ఆగను. హైమ పక్కన పడుకోబెడతాను. నిద్రలోనే అది పొత్రాన్ని రెండు చేతులతో దగ్గరకు తీసుకుంటుంది. గొలుసులు ఆగవు. ముందు రావలసిన రాయి ఆఖరున వచ్చింది.

నాలుగు వేళ్ల ఎడం మిగులుతుంది.

మోకాళ్ల మీద కూర్చుని, హైమ మీదుగా గోడ వైపుకు వంగుతాను. స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడతాను. ఇంకో గొంతు వస్తే ఆపుకోలేను.

"ఏవండీ, మీరు దిగాలి."

పలక కిర్రుమంటుంది.

"ఏడేళ్లు అడిగారు. కొక్కేలు కూడా వేయించారు. నేను పైకి చూడలేదు. అది నా తప్పే. అయినా మీరు దిగాలి. పాప ఉంది."

ఏడేళ్లు వద్దన్న కోరికకు మళ్లీ వద్దంటున్నాను. అప్పటి లాగే ఆయన వాదించరు. గోడ వైపు దుప్పటి మెల్లగా చదునవుతుంది. గచ్చు మీద రెండు పాదాల గుర్తులు పడతాయి. కుడికాలి చిటికెన వేలు లోపలికి తిరిగి ఉంది. గుర్తులు లోతవుతాయి, నిండిపోతాయి. గొలుసులు ఒక్కో లింకూ మింగుకుంటూ పొట్టివవుతాయి. మంచం రెండడుగుల ఎత్తుకు వస్తుంది. పది ఊపులు. ఇరవై ఎనిమిదిన్నర.

ఆయన దిగిన చోట గచ్చు, కడిగిన గాజులా అయింది. చూడకూడదు. చూస్తాను.

మా నేల కింద ఇంకో హాలు ఉంది. మా నేలే దానికి పైకప్పు. నేల తీసుకున్నవన్నీ ఆ కప్పుకు వేలాడుతున్నాయి. మా పెద్ద మంచం నాలుగు గొలుసులకు. చాప నాలుగు మూలలా నాలుగు తాళ్లకు. దాని మీద ఆయన పడుకుని ఉన్నారు, భూమితో పని లేకుండా. పక్కనే హైమ చిన్న మంచం. ఆయన చేయి చాచి దాన్ని ఊపుతున్నారు.

ఖాళీగా ఊపుతున్నారు.

ఖాళీ ఉయ్యాల ఊపితే ఎవరు వస్తారో నాకు తెలిసినట్టే ఆయనకూ తెలుసు. నా పక్కన మంచంలో హైమ ఊపిరి సన్నబడుతుంది. కింద మంచం అటు పోతే ఊపిరి పీలుస్తుంది. ఇటు వస్తే వదులుతుంది. ఒక్కోసారి ఒక ఊపు తప్పిపోతుంది.

నిద్రపోయిన వస్తువును నేల తీసుకుంటుంది. హైమ చేతుల మధ్య నుంచి పొత్రాన్ని లాగుతాను. చంటిపిల్ల కడుపులా వెచ్చగా ఉంది. ఇంతసేపూ అది నిద్రపోయింది. గచ్చు మీద పెడతాను. దీనికి నేలకు గంట పట్టదు. నీళ్లలో వదిలినట్టు దిగి, చిన్న మంచం మధ్యలో పడుతుంది.

ఆయన ఊపడం ఆపుతారు. రాయిని చూస్తారు. చాలాసేపు చూస్తారు. తరువాత దుప్పటి కప్పుతారు, బారసాల నాడు వంగినట్టే వంగుతారు. పెదవులు కదులుతాయి. ఒకసారి.

హైమ పలకకుండా నోటి మీద అరచేయి పెడతాను.

రెండోసారి. నా అరచేతి కింద పెదవులు విచ్చుకుంటాయి. గట్టిగా అదుముతాను. ఇంత గట్టిగా దాన్ని ఎప్పుడూ పట్టుకోలేదు.

మూడోసారి.

"ఆఁ, నాన్నా," అంటుంది రాయి. హైమ గొంతు అది. నిద్ర చాలనప్పుడు పలికే గొంతు.

ఆయన ముఖం తేటపడుతుంది. మళ్లీ ఊపడం మొదలుపెడతారు. గచ్చు మసకబారి, నున్నగా మూసుకుంటుంది. హైమ ఊపిరి దాని లెక్కలో అది నడుస్తుంది. చేయి తీస్తాను. చెంప మీద నా వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

హైమ కళ్లు తెరుస్తుంది. నన్ను చూస్తుంది. అమ్మా అనడానికి పెదవులు ఎలా కలిసి విడిపోవాలో అలాగే కలిసి విడిపోతాయి. ఒక రాయి ఎంత చప్పుడు చేస్తుందో అంతే చప్పుడు వస్తుంది.

నేను మంచాన్ని ఆగనివ్వను. గడియారం చూడకుండా లెక్కపెడతాను. నా పాదాల కింద, గచ్చుకు అవతల, ఎక్కం మళ్లీ మొదలవుతుంది, ఆగిన చోటి నుంచే. పదమూడు ఎనిమిదులు నూట నాలుగు, అంటుంది రాయి.