ఆరో బండి నాది

మీకు ఎన్ని బండ్లున్నాయని ఎవరైనా అడిగితే మా అన్నయ్య ఆరు అంటాడు. అయిదు. ఆరోది నాది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టిందే తప్ప వాడి లెక్క మారలేదు. నాకంటే రెండేళ్ళే పెద్ద కాబట్టి మొదట్నించీ వాడూ వీడూ అనే అంటాను. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇంకా ఎక్కువే అనాలని ఉంది గానీ అమ్మ వింటోంది.

ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. వాడి ఆస్తంతా అందులోనే. ఒక బండి వానకి. తడిసినా మనసు బాధపడదట. ఒకటి ఊళ్ళో తిరగడానికి. ఒకటి ఆదివారానికి. అంటే ఆదివారం నడపడానికని అనుకునేరు, తుడవడానికి. పొద్దున్నంతా దాన్ని అద్దంలా తుడిచి, దుప్పటి కప్పి, ఏదైనా పనుంటే వానబండి మీద వెళ్తాడు. నాలుగోదానికి చక్రాలే లేవు, విడిభాగాల కోసం ఉంచాడు, అయినా లెక్కలో అదీ ఉంది. అయిదోది దూరం బండి. తుక్కు కొట్లోంచి తెచ్చుకున్నాడు. నాన్న బండీ అదీ ఒకటే కంపెనీ, ఒకటే మోడలు. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి.

నాన్న కరెంటు లైన్‌మన్. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క బండి మీదే స్తంభం స్తంభం తిరిగారు. మంచం పట్టాక ఒకరోజు తాళంచెవి నా చేతిలో పెట్టి "బండి చిన్నదానిది" అన్నారు. అమ్మ విన్నది, అన్నయ్య విన్నాడు, నాన్న స్నేహితుడు మెకానిక్ బాబాయ్ కూడా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత పదిహేను రోజులకి నాన్న పోయారు. ఇది జరిగి ఏడాది దాటింది.

నేను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. మూడేళ్ళుగా కిటికీ లేని గదిలో కూర్చుని గొట్టాల మీద చీటీలు అంటిస్తున్నాను. మొన్న మా మేనేజరు పిలిచి, ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని ఇస్తానంది. ఆ పని కోసం ఎన్నాళ్ళ నించి అడుగుతున్నానో నాకే తెలుసు. ఒకటే షరతు. సొంత బండి ఉండాలి, కాగితాలు నా పేరు మీదే ఉండాలి. గురువారం సాయంత్రంలోగా చూపించాలి, శుక్రవారం పొద్దున్న ఆరింటికి పనిలో దిగాలి. లేకపోతే వెనకాల ఇంకొకామె సిద్ధంగా ఉంది.

నాకు సొంత బండి ఉంది కదా. కాగితాలు నాన్న పేరు మీదున్నాయి, మార్పించుకుంటే సరిపోతుంది. బుధవారం సెలవు పెట్టి, బండి కడిగి, దాని మీదే రవాణా ఆఫీసుకి వెళ్ళాను.

ఆఫీసు వెనక గోడ నీడలో బండ్లన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఒక్కో బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నెంబరు చెక్కిన చోట జిడ్డు తుడిచి, పల్చటి కాగితం అదిమిపెట్టి పెన్సిలుతో రుద్దుతున్నాడు. కాగితం మీద అంకెలు తెల్లగా తేలుతున్నాయి. నా బండికి ముందు ఫ్రేము మీద రుద్దాడు. సరిపోయింది. తర్వాత ఇంజను మీద రుద్దాడు. రిజిస్ట్రేషన్ కార్డులో చివరి నాలుగంకెలు ఏడు ఒకటి ఒకటి నాలుగు. కాగితం మీద తేలినవి రెండు సున్నా ఆరు తొమ్మిది.

"ఇంజను ఈ బండిది కాదమ్మా" అన్నాడు.

"మా నాన్నగారి బండండీ. కొన్నప్పట్నించీ మా ఇంట్లోనే ఉంది."

"బండి మీ నాన్నగారిదే. ఇంజను ఎవరిదో మరి."

వరసలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. తల కొట్టేసినట్టయింది. ఆ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. దొంగ బండని తను అననన్నాడు, సరైన ఇంజను పెట్టించి రేపు పొద్దున్న తెస్తే అప్పుడే పేరు మార్చి ఇచ్చేస్తానన్నాడు. లేకపోతే పైకి రాయాలి, అది తేలడానికి రెండు నెలలు పడుతుంది. నేనేం వాదించలేదు. మా ల్యాబులో గొట్టం మీద ఒక పేరూ కాగితం మీద ఒక పేరూ ఉంటే మేమూ అంతే, ఎంత బతిమాలినా ఆ రక్తం పారబోస్తాం.

అక్కణ్ణించి తిన్నగా మెకానిక్ బాబాయ్ షాపుకి వెళ్ళాను. నాన్న బండి మీద చెయ్యి వేసింది ఇద్దరే, నాన్నా, ఆయనా. బాబాయ్ ఎవరిదో చైను శుభ్రం చేస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

"బాబాయ్, నాన్న బండి ఇంజను ఎవరు దించారు?"

"నేనే కదమ్మలూ. నాన్న పోయిన రెండో నెల్లో. నువ్వు పెట్టమన్నావనే కదా మీ అన్నయ్య బండికి పెట్టాను."

"నేనన్నానా?"

"నువ్వు అన్నావని మీ అన్నయ్య చెప్పాడు. చెల్లికి ఎలాగూ అక్కర్లేదంట బాబాయ్, నాన్న ఇంజను దూరం బండికి పెట్టేసి, నా పాతది దీనికి తగిలించమంది అన్నాడు."

"నన్నొక్క మాట అడగాలని తోచలేదా?"

"మీ ఇంటి మాట మీ అన్నయ్య చెప్తుంటే మళ్ళీ నిన్నేం అడుగుతానమ్మా" అని ఆగిపోయాడు. చేతిలో చైను కింద పెట్టాడు. "అడగాల్సింది. తప్పు నాదే."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంజను పోయినందుకు కాదు. నేను అనని మాట నా పేరు మీద చలామణీ అయిపోయింది. ఏడాది నించి నేను వద్దన్నదాన్ని, ఇచ్చేసినదాన్ని, ఆ సంగతి నాకొక్కదానికే తెలీదు. పనిముట్ల సంచీ తీసుకుని నాతో రమ్మన్నాను. బాబాయ్ చేతిలో ఉన్న పని వదిలేసి వచ్చాడు.

అన్నయ్య ఒంట్లో బాగాలేదని ఆ రోజు తను పనిచేసే కొట్టుకి సెలవు పెట్టాడు. షెడ్డులో పీట వేసుకుని, పాత బనీను గుడ్డతో దూరం బండి పెట్రోలు ట్యాంకు తుడుస్తున్నాడు. ఒంట్లో బాగాలేనివాడు.

"దాన్లో ఉన్న ఇంజను ఎవరిది?" అన్నాను.

గుడ్డ ఆగింది. నా వెనకున్న బాబాయ్‌ని చూశాడు, బాబాయ్ భుజాన సంచీని చూశాడు. "అదా. చెప్దామనే అనుకున్నానే."

"ఎప్పుడు? ఏడాదైంది."

"నువ్వు నడుపుతావని ఎవరనుకున్నారు? ఊరికే పడుంటే పాడైపోతుందని. నా బండికి బాడీ బాగుంది, నాన్న బండికి ఇంజను బాగుంది. రెండూ కలిపితే ఒక మంచి బండి అవుతుంది కదా."

"మంచిది నీకు. మిగిలింది నాకు. నేను వద్దన్నానని బాబాయ్‌తో చెప్పావట. ఎప్పుడన్నాను?"

గుడ్డ ఇటు తిప్పి అటు తిప్పాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకున్నాడు. వాడు గొంతు మెత్తగా చేసుకున్నాడంటే ఏదో నా నెత్తిన రుద్దబోతున్నాడనే. "పోనీ నీకు పనికి బండే కదా కావాలి. ఊళ్ళో తిరిగేది తీసుకెళ్ళు. రోజూ నువ్వే వాడుకో, ఎవరొద్దన్నారు?"

"నా పేరు మీద రాస్తావా?"

"మనింట్లో మనకి పేర్లెందుకే?"

"వానబండి రాస్తావా?"

"రేపు వాన పడితే నేనేం చెయ్యాలి?"

"ఆదివారంది?"

"దాని జోలికి రాకు."

"చక్రాలు లేనిదో?"

"అది లేకపోతే మిగతావి నడవవు."

బాబాయ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. ఏడాదిగా ఈ బండ్ల గొడవలో అమ్మ ఒకటే పాట, మీరూ మీరూ చూసుకోండి, నన్ను మధ్యలోకి లాగకండి అని. ఇప్పుడు మాత్రం షెడ్డులోకి ఒకసారి తేరిపార చూసి, "ఒరేయ్, ఉన్నది నువ్వొక్కడివే కదరా. ఒక్కసారి ఎన్నింటి మీద కూర్చుంటావు?" అంది.

"ఒక్కోదానికి ఒక్కో పనుందమ్మా."

"వాటికున్నంత పని నీకు లేకపోయింది."

వాడి ముఖం ఇంతయింది. గుడ్డ మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేల చూస్తూ చెప్పాడు. "అది కాదమ్మా. ఆ ఇంజను చప్పుడు వింటూ వెళ్తుంటే నాన్న వెనకాల కూర్చున్నట్టే ఉంటుంది. అందుకే మార్పించుకున్నాను. ఇంకేం కాదు."

కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. దొంగ నీళ్ళని అనను, నిజమైనవే. అమ్మ గరిటె కిందికి దించింది. బాబాయ్ సంచీ గోడకి ఆనించాడు. ఇద్దరూ నా వైపు చూశారు, పోనీలే వదిలెయ్ అన్నట్టు. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"నాన్న నీకొక్కడికేనా?" అన్నాను. "ప్రతి శుక్రవారం పని నించి రాగానే ఆ బండి స్టార్ట్ చేసి పక్కన కూర్చునేదాన్ని. ఎందుకనుకున్నావు, బ్యాటరీ కోసమా? మొదట్లో ఒకరోజు నిన్నడిగాను. అన్నయ్యా, చప్పుడు మారిందేమిటి అని. గుర్తుందా?"

వాడు తలెత్తలేదు.

"గుర్తుందా లేదా?"

"ఉంది."

"ఏమన్నావు?"

బాబాయ్ వాణ్ణి చూస్తున్నాడు, అమ్మ చూస్తోంది.

"సరే నేనే చెప్తాను. బండి అదేనే, నాన్న లేరు కదా, నీకలా అనిపిస్తోంది అన్నావు. నమ్మాను. తప్పు నా చెవులదే అనుకున్నాను. ఇప్పుడే చప్పుడు మర్చిపోయానంటే, రేపు నాన్న గొంతు కూడా మర్చిపోతానేమోనని ఎంత భయపడ్డానో తెలుసా? ఎవరో తుక్కులో పారేసిన ఇంజను పక్కన కూర్చోబెట్టి ఏడాది పాటు ఏడిపించావు నన్ను. నాన్న ఇంజనేమో నీ కింద ఉంది."

బాబాయ్ సంచీ విప్పి నేల మీద పరిచాడు.

దూరం బండి ముందు విప్పాం. నూనె తీసేసి, పొగగొట్టం ఊడదీసి, చైను జార్చి, తీగలన్నిటికీ గుర్తుగా చీటీలు కట్టాను. చీటీలు కట్టడంలో నాకు సాటి లేరు. అన్నయ్య ఎక్కడికీ వెళ్ళలేదు, దగ్గరికీ రాలేదు. వెనక బోల్టు ఒకటి ఎంతకీ కదలకపోతే "ఎడమవైపు నించి కొట్టాలి" అని చెయ్యి చాపాడు, స్పానరు ఇమ్మని. ఇవ్వలేదు. ఎడమవైపు నించి నేనే కొట్టాను, వచ్చింది.

"ఇప్పుడిది దూరాలు వెళ్ళదే" అన్నాడు.

"దగ్గర తిప్పుకో. ఇంకా అయిదున్నాయి నీకు. నీకెన్ని కావాలో నువ్వే తేల్చుకో, యాభై పెట్టుకో. నా బండిని నీ లెక్కలో కలపకు. నా మాట నువ్వు చెప్పకు."

ఎండ తగ్గే వేళకి రెండింటి ఇంజన్లూ తమ తమ చోట్లకి వెళ్ళాయి. కిక్కు కొట్టేసరికి అన్నయ్య షెడ్డులో లేడు, ఎప్పుడు లోపలికి వెళ్ళాడో చూడలేదు. మూడో కిక్కుకి అందుకుంది. బాబాయ్ తల ఊపాడు. అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ చప్పుడుని వెయ్యి బండ్లలో పెట్టినా పోల్చుకుంటాను. నా చెవుల్లో ఏ లోపమూ లేదు. ఏడుస్తాననుకున్నాను గానీ కోపమే ఎక్కువగా వచ్చింది.

గురువారం పొద్దున్న పెన్సిలు కింద ఏడు ఒకటి ఒకటి నాలుగు తేలాయి. ఇన్‌స్పెక్టరు మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. మధ్యాహ్నం మా మేనేజరు కొత్త కార్డు నకలు తీసుకుని, రక్తం గొట్టాలు చల్లగా ఉంచడానికి భుజాన తగిలించుకునే చల్లపెట్టె ఒకటీ, మర్నాటి ఇళ్ళ జాబితా ఒకటీ ఇచ్చింది. పదకొండు ఇళ్ళు.

ఇంటికొచ్చి బండి షెడ్డులో పెట్టలేదు. గుమ్మం పక్కన పెట్టాను. చల్లపెట్టె సీటుకి కడుతుంటే అన్నయ్య వచ్చి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఇరవై నాలుగ్గంటలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ట్యాంకు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్కసారి స్టార్ట్ చెయ్యవే. విని వెళ్ళిపోతాను."

అంత చిన్నగా అడగడం నేనెప్పుడూ వినలేదు. తాళంచెవి చేతిలోనే ఉంది. కట్టిన తాడు మళ్ళీ ఒకసారి బిగించి చూసుకున్నాను.

"రేపు ఆరింటికి పనికి వెళ్తాను" అన్నాను. "లేచి ఉంటే వినపడుతుంది."