మా పూజారికి కారణం లేదు

మనసు కదలకుండా చేసే ప్రార్థన దేవుడికి చేరుతుందా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. నా భార్య లవోన్ పోయినప్పటి నుంచి. ఆదివారం చర్చికి వెళతాను, పాటలు పాడతాను, మోకరిల్లి రొట్టె తీసుకుంటాను. లోపల ఏమీ కదలదు. ఒకసారి పాస్టరుగారిని అడిగాను. "రావడం మాత్రం మానకు, ఓర్విల్" అని, చర్చిని వెచ్చగా ఉంచే బాయిలరు రిపేరు సంగతి ఎత్తుకున్నారు.

శనివారం మధ్యాహ్నాలు అదే చర్చి కింది గదిలో నలుగురం ఆట ఆడతాం. బల్ల మీద పాచికలు, ఒక్కొక్కరికి ఒక పాత్ర, దాని వివరాలు రాసుకున్న ఒక కాగితం. పాత్ర ఏం చేస్తుందో మనం చెబితే, ఏమవుతుందో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది వెండెల్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి ఆడగా ఆడగా, లోకాన్ని బూడిద చేసే డ్రాగన్ గుహ ముందుకు ఆ శనివారం చేరాం.

వెండెల్ పాచికలన్నీ తన దగ్గరికి లాక్కున్నాడు. ఎవరి పాత్ర ఎందుకు లోపలికి వెళుతోందో చెప్పాలన్నాడు. చెప్పలేని పాత్ర బయటే ఆగిపోతుంది.

"లోకం నాశనమైపోతోంది, చాలదా?" అన్నాడు కర్టిస్. టైర్ల షాపులో పని చేస్తాడు, ఆటలో కత్తివీరుడు.

"అది అందరి సంగతి. నీ సంగతి చెప్పు."

"సరే, మా తమ్ముణ్ణి తినేసింది."

"కిందటేడు చెల్లెలన్నావు కదయ్యా," అంది ఆర్డిస్.

"ఇద్దర్నీ తింది. దానికి నీకన్నా ఆకలెక్కువ, తల్లీ."

ఆర్డిస్ చర్చి వంటగది చూసుకుంటుంది. ఆటలో దొంగ. "నేను బంగారం కోసం వెళుతున్నా. నాకేం సిగ్గు లేదు," అంది, మాంసం, బంగాళాదుంపలు కలిపి బేక్ చేసిన హాట్‌డిష్ వడ్డిస్తూ.

నా వంతు వచ్చింది. నాది ఓరెన్ అనే పూజారి పాత్ర. అతనికి పగ లేదు, ఆశ లేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు, నోరు రాలేదు. ఓరెన్ బయట ఆగిపోతే శనివారాలు నేనూ ఇంట్లోనే ఆగిపోతానని తెలుసు. ఆ తరువాత ఆదివారాలూ పోతాయేమో. అది తెలిసి కూడా భయం వేయలేదు.

"నాకు కారణమేమీ లేదు, వెండెల్."

"అయితే ఆగిపోవాలి మరి," అన్నాడతను, నా వైపు చూడకుండా.

"ఉండు," అంది ఆర్డిస్. "ఆట మొదట్లో, చిత్తడి నేలల్లో నేను చావబోతుంటే ఈయన తన చివరి మందుసీసా నాకిచ్చాడు. రేపే తిరిగిస్తానన్నాను. ఇన్నేళ్లయినా ఇచ్చిందెక్కడ? ఆ బాకీ కోసం వస్తున్నాడనుకో."

నాకా సంగతే గుర్తు లేదు.

"లోపల ఈవిడ చస్తే సీసా పోయినట్టే," అన్నాడు కర్టిస్. "వెనకాలే వెళ్లు, ఓర్విల్. అసలే దొంగ."

"అంతేనా?" అని వెండెల్ నన్నే అడిగాడు.

"అంతే. వెళతాను."

వెండెల్ పాచికలు బల్ల మధ్యకి తోశాడు.

కాఫీ చల్లారేదాకా పోరాటం సాగింది. డ్రాగన్ కూలిపోయింది, గుహ కప్పు విరిగిపడసాగింది. ఓరెన్ ఒళ్లంతా కాలి, రాళ్ల మీద పడి ఉన్నాడు. బంగారం ఆర్డిస్ చేతికి అందేంత దూరంలో ఉంది.

"ఒక్క పనే చేయగలవు," అన్నాడు వెండెల్ ఆర్డిస్‌తో. "ఆ తరువాత కప్పు మొత్తం కూలుతుంది."

"నా దగ్గరున్న మందుసీసా మూత తీసి ఈయన నోట్లో పోస్తున్నా."

"బంగారం మట్టిలో కలుస్తుంది."

"కలవనీ. తాగవయ్యా," అని, తన కాగితం మీద మందుసీసా గుర్తును ఆర్డిస్ రబ్బరుతో తుడిచేసింది.